గోడత్తయ్య

బీన్స్ ఈనెలు తీస్తూ తీస్తూ గోడత్తయ్య ఉన్నట్టుండి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎదురుగా పేపరు చదువుకుంటున్న భర్త తల ఎత్తకుండానే భుజమ్మీది తువ్వాలు తీసి అటు జరిపాడు.

“ఇవాళ ఏమైంది?”

“పెద్దవాడు ఆస్తి కాగితాలు బయటికి తీశాడండీ. చిన్నవాణ్ణి ఇంట్లోంచి పొమ్మంటున్నాడు. తండ్రి చూస్తే గుడ్లప్పగించి కూర్చున్నాడు.”

“ఆ తండ్రి మొదట్నుంచీ అంతే. మెతక మనిషి,” అని ఆయన పేజీ తిప్పాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని మళ్ళీ బీన్స్ అందుకుంది. ఆ పెద్దవాడూ చిన్నవాడూ ఆమె కన్నబిడ్డలు కారు. ఊరికి అటు చివర స్టూడియోలో ఆ పూట షూటింగ్ జరుగుతున్న సీరియల్లో మనుషులు. మర్నాడు జనమంతా టీవీల్లో చూడబోయే కథ ఈ వంటింట్లో ఒకరోజు ముందే తెలిసిపోయేది. అయినా ఆయన ఆ సంగతి బయట పొక్కనిచ్చేవాడు కాదు. బస్సు డిపోలో టైం కీపరుగా చేసి రిటైరైన మనిషి, టైము కాకుండా బండి కదిలితే ఆయనకి గిట్టదు.

ఆ సీరియల్లో ఆమె లేదు. ఆమె ఫోటో ఉంది.

అసలు ఆమెది చిన్నాచితకా అనుభవం కాదు. పెళ్ళికి ముందు నుంచే నాటకాలు. తర్వాత సినిమాల్లో హీరోకి కాఫీ తెచ్చిచ్చింది, హీరోయిన్‌కి పక్కింటావిడ అయింది, నర్సు అయింది, అద్దె కోసం గొడవపడే ఇంటి ఓనరు అయింది, ముగ్గురు విలన్లకి తల్లి అయింది. ఆమె పేరు ఎవరికీ తెలియదు, మొహం తెలియనివాళ్ళు లేరు. రోడ్డు మీద ఆపి, “మీరు మా బ్యాంకులో పనిచేసేవారు కదూ,” అనేవాళ్ళు. కాదంటే నొచ్చుకుంటారని, “అవునండీ, బదిలీ అయింది,” అనేది.

ఆఖరికి ఈ సీరియల్లో ఇంటికి పెద్దదిక్కయిన అత్తయ్య వేషం దొరికింది. కాస్త నిలదొక్కుకుంది అనుకునేసరికి కూతురి పురుడు వచ్చింది. సెలవు అడిగితే సరేనన్నారు. తిరిగొచ్చేసరికి ఆమెని చంపేసి ఉన్నారు. నిద్రలోనే పోయిందని రాసేసి, ఇంటి సెట్టులో హాలు గోడకి ఫోటో తగిలించేశారు.

“సెలవు అడిగితే ప్రాణం తీస్తావనుకోలేదు నాయనా,” అంది ఆమె సీరియల్ రచయితతో.

అతను మంచివాడే, భయస్థుడు. “జనం చూడటం తగ్గిపోయింది అత్తయ్యగారూ, ఎవరో ఒకరు పోవాలన్నారు. మీరు ఎలాగూ ఊళ్ళో లేరు కదా అని…” అని నసిగాడు.

చెక్క కుర్చీలో కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకున్నట్టు, నడుము దాకా తీసిన ఫోటో అది. గోడకెక్కిన మొదటి వారంలోనే అది వినడం మొదలుపెట్టింది. ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు కళ్ళు తిప్పేది. కెమెరామన్ చూసి అటు ఒక లైటు పెంచాడు. మేకప్ అతను రోజూ అద్దం తుడిచిపెట్టేవాడు. అసిస్టెంట్ డైరెక్టరు అందరికీ సీను చదివి వినిపించాక, స్టూలెక్కి దానికీ వినిపించేవాడు. ఫోటో చెప్పిన మాట వినేది గానీ, డైలాగు మరీ నాసిరకంగా ఉంటే కిటికీలోంచి బయటికి చూసేది. అప్పుడు రచయితని పిలిపించి డైలాగు మార్పించేవాళ్ళు. కోడలి వేషం వేసే కొత్త పిల్లకైతే సెట్టులో ఆ ఫోటో తప్ప దిక్కు లేదు. మిగతా నటులందరూ తమ డైలాగు అయిపోగానే ఫోన్లు చూసుకునేవాళ్ళు. ఆ పిల్ల ఏడ్చినా నవ్వినా గోడ వైపే.

చిక్కల్లా ఏమిటంటే అక్కడ ఫోటో విన్నదంతా ఇక్కడ ఈమెకి తెలిసిపోయేది, అది ఏం చేస్తే ఈమె మొహం అదే చేసేది. చీపురు పట్టుకుని మురిసిపోయేది. బస్సులో ఎవరినో ఉరిమి చూసేది, పక్క సీటువాళ్ళు లేచి చోటిచ్చేవాళ్ళు. ఒకసారి సెట్టుకి రంగులేస్తూ ఫ్రేము తీసి మొహం గోడ వైపు పెడితే, ఈమెకి మెడ పట్టేసి పక్కకి తిరగలేకపోయింది.

వీటన్నిటికీ ఆమె ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒకటుంది. అందరూ ఆమె పోయిందనుకోవడం. తోపుడుబండి మీద కూరగాయలమ్మే ఆమె చూసినప్పుడల్లా, “మిమ్మల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుందమ్మా, అంత తొందరగా పోవాల్సింది కాదు,” అని గుప్పెడు పచ్చిమిరపకాయలు ఎక్కువ వేసేది. వేషాలు ఇప్పించే మేనేజర్లు ఇంకా నయంగా చెప్పేవాళ్ళు. “మీరు చనిపోయారు కదమ్మా. బతికున్న పాత్రలో పెడితే జనం ఒప్పుకోరు. ఫోటో వేషం ఏదైనా ఉంటే కబురు పెడతాం.” నాలుగేళ్ళుగా ఇదే పాట. కెమెరా ముందు నిలబడి, నోరు తెరిచి, తన గొంతుతో ఒక మాట అనాలని ఆమెకి ఎంత ఆశగా ఉండేదంటే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు గ్యాస్ సిలిండరు కుర్రాడితో కూడా నాలుగు వాక్యాలు ఎక్కువ మాట్లాడేది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున వీపున సంచీ తగిలించుకుని సినిమా డైరెక్టరమ్మ వచ్చింది. మొదటి సినిమా తీస్తున్న పిల్ల. కుర్చీ చూపిస్తే కుర్చీ అంచున కూర్చుంది.

“మీరు నర్సుగా చేసిన సినిమా ఒకటుందమ్మా. డాక్టరు పెద్ద ఉపన్యాసం ఇస్తుంటాడు, మీరు వెనకాల ట్రే తుడుస్తుంటారు. నేను ఆ సీను ఎన్నిసార్లు చూసినా డాక్టర్ని చూడలేదు.”

“ఆ ట్రేకి నిజంగానే మరక ఉంది తల్లీ,” అంది గోడత్తయ్య.

వేషం ఒక్క సీనే. గోడౌను పైకప్పు కూలి కొడుకు పోయిన తల్లి, విచారణకి వచ్చిన ఆఫీసరు ముందు కూర్చుని జరిగింది చెప్పాలి. పేజీకి పైగా మాటలు, మధ్యలో ఆగకూడదు. “ఒక్కటే షరతు. మీ మొహంలో ఏమీ కనిపించకూడదు. ఏడుపు వద్దు, కోపం వద్దు. ఆవిడ ఏడిస్తే ఆఫీసరుకి పని తేలికైపోతుంది, నీళ్ళగ్లాసు ఇచ్చి పంపించేస్తాడు. ఏడవదు గనకే అతను రాసుకోక తప్పదు.”

గోడత్తయ్యకి ఆ తల్లి వెంటనే అర్థమైంది. కాగితం తీసుకుని, ఆ పిల్ల సంచీ దించేలోపే చదవడం మొదలుపెట్టింది. డైరెక్టరమ్మ ఫోను నిలబెట్టి రికార్డు చేసుకుంటోంది. సగం దాకా బ్రహ్మాండంగా నడిచింది. కొడుకు చెయ్యి గురించి చెప్పే చోటికి వచ్చేసరికి గోడత్తయ్య మొహం చాటంతై, నోరంతా నవ్వు వచ్చేసింది.

“నవ్వారేంటమ్మా?”

“చిన్నవాడికి ఉద్యోగం వచ్చిందట,” అంది ఆమె సిగ్గుపడుతూ.

డైరెక్టరమ్మకి ఫోటో సంగతి తెలుసు, ఎవరికి తెలియదు గనక. అయినా ఆమె మొహం వాడిపోయింది. “నాకు ఆ ఆఫీసు గది ఒక్కరోజుకే ఇచ్చారమ్మా, వచ్చే గురువారం. ఆ రోజు ఇలా అయితే ఇంకో రోజు నాకు లేదు. ఈ లోపల మీరు ఏదో ఒక దారి చూసుకుంటే సరే. లేకపోతే ఇంకొకావిణ్ణి అడగాలి. నాకు ఇష్టం లేదు గానీ అడగాలి.”

“ఎవరినీ అడక్కు. గురువారం నేనొస్తాను,” అంది గోడత్తయ్య.

ఆ సాయంత్రమే బస్సెక్కి స్టూడియోకి వెళ్ళి సీరియల్ ప్రొడ్యూసర్ని కలిసింది. గురువారం ఒక్కరోజు షూటింగ్ ఆపండి, లేదా ఫ్రేము ఇంటికి పంపండి అని అడిగింది. ఆయన కసురుకోలేదు, కుర్చీ వేయించాడు. “అమ్మా, ఎప్పటికప్పుడు తీసి మర్నాడు వేసే బండి ఇది. ఒక్కరోజు ఆగితే చానల్ వాళ్ళు ఊరుకోరు. ఫోటో తీసేస్తానంటారా, జనం చూస్తున్నది దాని మొహమే. రేపు ఇది మూతపడితే లైట్‌బాయ్ దగ్గర్నుంచీ ఎంతమంది రోడ్డున పడతారో మీకు తెలుసు. కావాలంటే మీకు ఇంకో సీరియల్లో ఫోటో ఇప్పిస్తా.”

“వద్దు బాబూ. ఒక గోడ చాలు,” అని లేచింది ఆమె.

ఆయన చెప్పింది అబద్ధం కాదు, అదే ఆమెకి కష్టంగా ఉంది. ఎవరి నోటి దగ్గర కూడూ తీసే మనిషి కాదు ఆమె. అలాగని వేషం వదులుకునే మనిషీ కాదు.

మర్నాటి నుంచి ఇంట్లో సాధన మొదలైంది. భర్త ఆఫీసరు. “సంఘటన జరిగిన సమయంలో మీరెక్కడ ఉన్నారు?” అనే మాటని ఆయన బస్సు ప్లాట్‌ఫారమ్ మీదికి వస్తోందని చెప్పినట్టు చదివేవాడు. ఆమె నవ్వేది కాదు. అటు నుంచి ఏడుపు వస్తే పంటి బిగువున ఆపేది, కోపం వస్తే కాలి బొటనవేలు నేలకేసి నొక్కేది. మొహం మాట వినేది కాదు. ఏడుపు ఆపితే ముక్కు ఎర్రబడేది, నవ్వు ఆపితే గడ్డం వణికేది. ఆయన అద్దం పట్టుకుని ఎదురుగా కూర్చుని, “గడ్డం,” “కనుబొమ్మ,” “మళ్ళీ గడ్డం,” అని చెప్తూ ఉండేవాడు.

“ఇంక పడుకోవోయ్. మొహానికి కూడా విశ్రాంతి ఉండాలి,” అన్నాడు చివరికి.

“నాలుగేళ్ళు విశ్రాంతే కదండీ,” అంది ఆమె, కాగితం మళ్ళీ మొదటి నుంచి తీస్తూ.

మంగళవారం భోజనాల వేళ సెట్టులో ఎవరూ లేని టైము చూసుకుని వెళ్ళింది. అసిస్టెంట్ డైరెక్టరు ఎక్కే స్టూలు తనూ ఎక్కి ఫోటోకి ఎదురుగా నిలబడింది.

“చూడు, గురువారం ఒక్కరోజు మామూలు ఫోటోలా ఉండు. ఎవరేమన్నా నీకు పట్టనట్టు ఉండు. నాకు పెద్ద పని పడింది,” అంది.

ఫోటో ఆమె మాటంతా విని, పెదవి బిగించి, వంటింటి సెట్టు వైపు చూడటం మొదలుపెట్టింది. భర్త నచ్చని మాట అంటే తను చేసేది సరిగ్గా అదే. ఇక బతిమాలి లాభం లేదని గోడత్తయ్యకి తెలిసిపోయింది, ఎందుకంటే తనని ఎవరూ ఎప్పుడూ బతిమాలి ఒప్పించలేదు.

స్టూలు దిగి సెట్టులోని సోఫాలో కూలబడింది. ఎదురుగా మనిషి మాట్లాడుతుంటే వినకుండా ఉండటం ఆ ఫోటోకి చేతకాదు. తనకి మాత్రం చేతనవునా? నాటకాలు నేర్పిన మేష్టారు బెత్తం పట్టుకుని మరీ నేర్పిన పాఠం అది. స్టేజీ మీద ఉన్నంతసేపూ వినాల్సిందే. వినలేకపోతే దిగి వెళ్ళిపో. కానీ వెళ్ళడానికి కారణం లేకుండా మాత్రం వెళ్ళకు, కారణం లేకుండా వెళ్ళేవాణ్ణి జనం క్షమించరు అనేవాడు. అది గుర్తొచ్చాక ఆమె సోఫాలో ఇంక కూర్చోలేకపోయింది. తిన్నగా రచయిత గదికి నడిచింది.

“గురువారం ఏం సీను నాయనా?”

అతను తింటున్న క్యారేజీ పక్కన పెట్టాడు. “కోడలు ఇల్లు వదిలి వెళ్ళే సీను అత్తయ్యగారూ. పై ఊళ్ళో ఉద్యోగం వచ్చింది, ఎవరికీ ఇష్టం లేదు. పెట్టె పట్టుకుని హాల్లోంచి నడిచి వెళ్ళిపోతుంది.”

“ఎవరూ ఆపరా?”

“ఆపరు.”

“పోనీ స్టేషను దాకా ఎవరైనా తోడు వెళ్తారా? మొగుడు?”

“అతను మేడ మీద తలుపేసుకుంటాడు. తోడు వెళ్ళడానికి ఆ ఇంట్లో మనిషెవరున్నారండీ. చివర్లో మీ ఫోటో కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, దాని మీద ఆపేస్తాం.”

“మనిషెవరున్నారు,” అని గోడత్తయ్య ఆ మాటనే ఇంకోసారి అంది. ఆమెకి ఒళ్ళు మండింది. ఇంత పెద్ద ఇంట్లోంచి ఒక ఆడపిల్ల పెట్టె మోసుకుంటూ వెళ్తుంటే పెద్దముండావాళ్ళందరూ నిలబడి చూస్తారట, తను గోడెక్కి కూర్చుని ఏడవాలట.

మళ్ళీ సెట్టుకి వచ్చి, మళ్ళీ స్టూలెక్కింది. ఈసారి బతిమాలలేదు.

“గురువారం ఆ పిల్ల ఒంటరిగా వెళ్ళిపోతోంది. ఇంటికి పెద్దదానివి, నువ్వు కూర్చుని ఏడిస్తే దానికి ఒరిగేది లేదు. తోడు వెళ్ళి దిగబెట్టు,” అంది.

ఫోటో వంటింటి వైపు నుంచి కళ్ళు తిప్పి ఆమెని చూసింది. భోజనాలు ముగించుకుని వస్తున్నవాళ్ళ మాటలు వినపడి ఆమె స్టూలు దిగి ఇంటికి వచ్చేసింది.

గురువారం ఆ ఆఫీసు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఇనప బీరువా. శబ్దం వస్తుందని ఫ్యాను ఆపేశారు. గోడత్తయ్య చెప్పులు బయట విడిచి, ఉత్త కాళ్ళతో కూర్చుంది. ఆ తల్లి అలాగే కూర్చుంటుందని ఆమెకి అనిపించింది. భర్త గుమ్మం బయట బెంచీ మీద ఉన్నాడు. డైరెక్టరమ్మ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

యాక్షన్ అన్నారు.

“సంఘటన జరిగిన సమయంలో మీరెక్కడ ఉన్నారు?” అని ఆఫీసరు అడిగాడు.

“ఇంట్లో ఉన్నానయ్యా. మీరు వాడి గురించి అడగండి, నా గురించి ఎందుకు,” అని ఆమె మొదలుపెట్టింది.

కొడుకు గోడౌనులో ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నాడో చెప్పింది. పైకప్పులో పగులు కనిపించిందని ఇంటికొచ్చి చెప్పిన రోజు గురించి చెప్పింది. అప్పుడు మొదలైంది అటు నుంచి. కళ్ళ వెనక వేడి ఎక్కింది. అక్కడ కోడలు పెట్టె సర్దుతోంది, గోడ మీద ఫోటో వింటోంది. గోడత్తయ్య మాట ఆపలేదు. ఏడుపు కింది రెప్ప దాకా వచ్చి నిలబడింది. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే జారిపోతుంది. ఈ వేషం పోతే నేను నిజంగానే పోయినట్టు, అనుకుంది ఆమె. అనుకుంటూనే తర్వాతి వాక్యం అంది.

బల్ల కింద ఆమె పాదాలు చురుక్కుమన్నాయి.

నాలుగేళ్ళలో అటు నుంచి ఎన్నో వచ్చాయి గానీ పాదాల దగ్గర ఏనాడూ ఏమీ తెలియలేదు. ఆ ఫోటోకి పాదాలే లేవు. ఇప్పుడు తన కాళ్ళు కదలకుండా బల్ల కింద ఉండగానే, అరికాళ్ళకి నున్నటి చల్లటి నేల తగిలింది. తర్వాత గడప. తర్వాత మెట్లు. ఆ తర్వాత గరుకుగా ఇసక, ఒక గులకరాయి. నడక తొందరగా ఉంది, ముందు వెళ్తున్న మనిషిని అందుకునే నడక. అది దూరం అవుతున్నకొద్దీ కళ్ళలో వేడి తగ్గింది. మొహం మొత్తం ఖాళీ అయి, పెళ్ళైన కొత్తలో వేషాల కోసం తిరిగిననాటి మొహంలాగా, తన ఒక్కదానిదే అయింది. ఆ సంతోషాన్ని కూడా ఆమె మొహంలోకి రానివ్వలేదు.

“మొదట పగుల్లో వేలు పడుతోందమ్మా అన్నాడు. నిచ్చెనెక్కి చూసి వచ్చాడు. సూపర్‌వైజరుకి చెప్పానన్నాడు. ఇంకో వారానికి చెయ్యి పడుతోందన్నాడు. వాడి చెయ్యి మీరు చూడలేదు. నా చెయ్యి కంటే ఇంత పెద్దది.” ఆమె తన అరచెయ్యి బల్ల మీద ఆఫీసరు కాగితం పక్కనే ఆనించి, దాని చుట్టూ రెండో చేతి వేలితో గీసి చూపించింది. “ఇంత. రాసుకోండి.”

ఆఫీసరు వేషం వేసిన నటుడు రాసుకున్నాడు. స్క్రిప్టులో ఆ చోట అతను రాయడం లేదు. కలం చప్పుడు గదిలో వినపడుతోంది. డైరెక్టరమ్మ కట్ చెప్పి, వెళ్ళి బీరువా వైపు తిరిగి నిలబడింది.

“ఇంకోటి తీద్దామా?” అని అడిగింది గోడత్తయ్య.

“అక్కర్లేదమ్మా. ఆఫీసు మెట్లు దిగి వెళ్ళే షాటు ఉంది, వెలుతురు ఉండగా అది తీసేద్దాం,” అంది ఆ పిల్ల, ఇటు తిరగకుండానే.

గుమ్మం బయట భర్త ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. “సీరియల్ రచయిత. ఇప్పటికి చాలాసార్లు చేశాడు,” అని ఆమె చేతికిచ్చి, ఆమె మొహం వంక దీక్షగా చూసి, “గడ్డం బాగుంది,” అన్నాడు.

ఫోనులో రచయితకి ఊపిరి ఆడటం లేదు. “అత్తయ్యగారూ, ఫ్రేములో కుర్చీ ఒక్కటే ఉందండీ. కోడలు హాలు దాటేదాకా ఉన్నారు. గేటు దగ్గర ఆ పిల్ల ఆగి పక్కకి తిరిగి నవ్విందట, పెట్టె రెండో పక్క ఎవరో పట్టుకున్నట్టు తేలిగ్గా నడిచి వెళ్ళిందట. మళ్ళీ చూస్తే గోడ మీద మీరు లేరు. పాత ఫైల్లోంచి ఇంకో కాపీ తీయించాం, అందులోనూ కుర్చీయే. ప్రొడ్యూసరుగారు తల పట్టుకుని కూర్చున్నారు. ఖాళీ కుర్చీ తగిలించి పెద్దావిడ పోయిందంటే జనం నమ్ముతారా? రేపటి ఎపిసోడ్ సాయంత్రంలోగా ఇవ్వాలి. ఏం రాయమంటారు చెప్పండి.”

లోపలి నుంచి, మెట్ల షాటుకి రెడీ అని ఆమెని పిలుస్తున్నారు. ఆమె చెప్పులు వేసుకోబోయి, అక్కర్లేదని పక్కకి నెట్టింది.

“బతికే ఉందని రాయి నాయనా,” అని చెప్పి ఫోను భర్త చేతిలో పెట్టి వెళ్ళింది.